పదిహేను నిమిషాల ఆకాశం - అరవై ఏళ్ళ చరిత్ర

1

విజ్ఞానశాస్త్ర చరిత్రను మన పాఠ్యపుస్తకాలు రాజుల చరిత్ర రాసినట్టే రాస్తాయి. ఫలానా సంవత్సరంలో ఫలానా వీరుడు ఫలానా ఘనకార్యం సాధించాడని చెప్పి ఊరుకుంటాయి. ఆ ఘనకార్యం వెనక ఎవరి శ్రమ ఉంది, ఖర్చు ఎవరు మోశారు, ఏ రాజకీయ అవసరం దాన్ని తొందరపెట్టింది, అర్హత ఉండి కూడా ఎవరు గుమ్మం బయట నిలబడిపోయారు అన్న ప్రశ్నలు వాటిలో కనిపించవు. అంతరిక్షయానం విషయంలో ఈ లోపం మరీ ఎక్కువ. అక్కడ మిరుమిట్లు ఎక్కువ గనుక ప్రశ్నలు తక్కువ.

2021 జూలై 11న బండ్ల శిరీష, 2024 మే 19న తోటకూర గోపీచంద్ అమెరికా ప్రైవేటు కంపెనీల వాహనాల్లో అంతరిక్షపు అంచు దాకా వెళ్ళి వచ్చారు. శిరీష కుటుంబ మూలాలు గుంటూరు, తెనాలి ప్రాంతంలో ఉన్నాయి. గోపీచంద్ విజయవాడలో పుట్టారు. రెండుసార్లూ మన పత్రికలు, టీవీలు "మన తెలుగు తేజం" అని పతాక శీర్షికలు పెట్టాయి. ఆ ఇద్దరి శ్రమనూ సాహసాన్నీ తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మనిషి నేలను వదిలి పైకి పోవడం మానవజాతి సాధించిన గొప్ప విషయాల్లో ఒకటి. దాన్ని చూసి సంతోషించని అభ్యుదయవాదం అభ్యుదయవాదమే కాదు. కాని "మన" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. తెలుగులో "మేము" వేరు, "మనము" వేరు. "మనము" అన్నప్పుడు వినేవాడు కూడా లెక్కలో ఉన్నట్టు. ఈ తేడా ఇంగ్లీషులో లేదు. మరి ఈ ఆకాశయానాల "మన"లో ఎవరెవరు లెక్కలో ఉన్నారు? ఆ లెక్క తేలాలంటే ఇలాంటి యానం మొదట ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు మొదలైందో చూడాలి. ఆ చరిత్ర 1961లో అమెరికాలో ఉంది.

2

ముందుగా ఉపకక్ష్య యానమంటే ఏమిటో తేల్చుకుందాం. మా పడమటి కర్నూలు పల్లెల్లో జొన్నచేను కంకి పట్టినప్పుడు మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలడం పెద్దవాళ్ళకు గుర్తే. వడిసెల రాయి పైకి లేస్తుంది, వంపు తిరుగుతుంది, చేను అవతల పడుతుంది. ఎంత బలంగా విసిరితే అంత దూరం పోతుంది. ఆ రాయిని గాలిపొర దాటిపోయేటంత వేగంతో విసిరామనుకోండి. అది వంద కిలోమీటర్లకు పైగా లేచి, వంపు తిరిగి, మళ్ళీ నేల మీదనే పడుతుంది. అది ఉపకక్ష్య యానం. ఇంకా వేగం పెంచితే ఒక దశలో రాయి పడుతూనే ఉంటుంది, కాని దాని కింద భూమి కూడా గుండ్రంగా వంగిపోతూ ఉంటుంది గనుక రాయి నేలను చేరదు. తిరుగుతూనే ఉంటుంది. అది కక్ష్య.

ఈ రెండింటికీ మధ్య తేడా చిన్నది కాదు. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. 1961లో అలన్ షెపర్డ్‌ను మోసిన రాకెట్ అందుకున్నది సెకనుకు సుమారు 2.3 కిలోమీటర్లు. చూడటానికి మూడు రెట్ల పైచిలుకు తేడా. కాని కావలసిన శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఆ లెక్కన తేడా పదకొండు రెట్లు దాటుతుంది. అందుచేత గగారిన్ 108 నిమిషాల యానాన్నీ షెపర్డ్ పదిహేను నిమిషాల యానాన్నీ ఒకే మెట్టు మీద పెట్టడం శాస్త్రీయం కాదు.

అలాగే అక్కడ మనిషి తేలడానికి కారణం పైన భూమ్యాకర్షణ లేకపోవడమేనని చాలామంది అనుకుంటారు. షెపర్డ్ చేరిన ఎత్తులో కూడా ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో నూటికి తొంభై పాళ్ళకు పైగానే ఉంటుంది. పెట్టె, అందులోని మనిషి ఒకే వేగంతో కలిసి పడుతున్నారు గనుక మనిషికి తన బరువు తెలియదు. ఆ పడిపోవడాన్నే భారరహిత స్థితి అంటున్నాం. అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందన్న గీత కూడా ప్రకృతి గీసింది కాదు. అంతర్జాతీయంగా ఎక్కువమంది 100 కిలోమీటర్లు అంటారు. అమెరికా ప్రభుత్వం సుమారు 80 కిలోమీటర్లే చాలంటుంది. శిరీష ప్రయాణించిన వాహనం చేరింది సుమారు 86 కిలోమీటర్లు. గోపీచంద్ వెళ్ళిన వాహనం వంద దాటింది. హద్దులు గీసేది మనుషులేనన్న సంగతి ఈ ఒక్క ఉదాహరణలోనే తెలుస్తుంది.

3

షెపర్డ్‌ను పైకి పంపిన రాకెట్ పేరు రెడ్‌స్టోన్. అది శాంతి కోసం పుట్టింది కాదు. అణ్వస్త్రాన్ని మోయడానికి అమెరికా సైన్యం తయారుచేసుకున్న క్షిపణి. 1958 నుంచి పశ్చిమ జర్మనీలో మోహరించి ఉంచారు. దాని రూపకర్త వెర్నర్ వాన్ బ్రౌన్. దానికి తల్లివేరు హిట్లర్ జర్మనీ లండన్ మీద, ఆంట్వెర్ప్ మీద ప్రయోగించిన వీ-2. ఆ వీ-2ను కొండ తొలిచి కట్టిన రహస్య కర్మాగారంలో డోరా నిర్బంధ శిబిరపు ఖైదీల చేత చేయించారు. ఆ శిబిరాల గుండా పోయిన సుమారు 60,000 మందిలో 20,000 మంది దాకా చనిపోయారు. ఆ రాకెట్ తగిలి చనిపోయినవాళ్ళ కంటే దాన్ని తయారుచేస్తూ చనిపోయినవాళ్ళే ఎక్కువని చరిత్రకారులు లెక్కగట్టారు. యుద్ధం ముగిశాక వాన్ బ్రౌన్, అతని బృందం విచారణ బోను ఎక్కలేదు. అమెరికా వాళ్ళను తన అవసరం కోసం తెచ్చుకుని అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో కూర్చోబెట్టింది. ఆ కర్మాగారంలో ఉత్పత్తి బాధ్యత చూసిన ఆర్థర్ రుడోల్ఫ్ తర్వాతి కాలంలో చంద్రుడి మీదికి పోయిన శాటర్న్-5 నిర్మాణాన్ని నడిపించాడు. 1984లో పాత చరిత్ర బయటపడ్డాక అమెరికా పౌరసత్వం వదులుకుని వెళ్ళిపోయాడు. సాంకేతిక జ్ఞానానికి దేశం లేదంటారు. దానికి జ్ఞాపకశక్తి కూడా లేకుండా చేయడంలో పాలకవర్గాలు సిద్ధహస్తులు.

1960 నవంబరు 21న మనిషి లేకుండా జరిపిన మొదటి రెడ్‌స్టోన్ పరీక్షలో రాకెట్ నాలుగు అంగుళాలు లేచి మళ్ళీ పీఠం మీదనే కూర్చుంది. ప్రమాదంలో తప్పించుకోవడానికి పైన అమర్చిన చిన్న రాకెట్ ఒక్కటే ఎగిరిపోయింది. 1961 జనవరి 31న హామ్ అనే చింపాంజీని పంపారు. కామెరూన్ అడవుల్లో పట్టి తెచ్చిన పిల్ల అది. దీపం వెలిగినప్పుడు మీట లాగకపోతే అరికాళ్ళకు కరెంటు తగిలేట్టు అమర్చారు. యానం ముగిసేదాకా దానికి పేరు లేదు, అంకె మాత్రమే. తిరిగి వచ్చాకనే పేరు పెట్టారు. చనిపోతే పేరున్న జంతువు చనిపోయిందని జనం బాధపడతారని భయం.

హామ్ వెళ్ళిన రాకెట్ అనుకున్నదాని కంటే ఎక్కువ ఎత్తుకు పోయింది. అందుచేత వాన్ బ్రౌన్ బృందం ఇంకొక ఖాళీ పరీక్ష కావాలని పట్టుబట్టింది. మార్చి 24న అది జరిగింది. ఆ పరీక్ష లేకపోతే ఆ రోజుల్లోనే షెపర్డ్ వెళ్ళి ఉండేవాడు. ఏప్రిల్ 12న సోవియట్ యూనియన్ యూరీ గగారిన్‌ను కక్ష్యలోకి పంపింది. వడ్రంగి కొడుకు, ఫౌండ్రీలో పోతపని నేర్చిన యువకుడు భూమిని చుట్టి వచ్చాడు. ఐదు రోజులకే, ఏప్రిల్ 17న, క్యూబా మీద అమెరికా ఎగదోసిన దాడి బే ఆఫ్ పిగ్స్‌లో మొదలై రెండు రోజుల్లో చిత్తుగా ఓడింది. ఏప్రిల్ 20న అధ్యక్షుడు కెన్నెడీ ఉపాధ్యక్షుడు జాన్సన్‌కు ఒక లేఖ రాశాడు. అంతరిక్షంలో మనం గెలవగలిగిన, జనాన్ని ఆకట్టుకోగలిగిన కార్యక్రమం ఏదైనా ఉందా అన్నది దాని సారాంశం. ఏ శాస్త్రీయ ప్రశ్నకు సమాధానం కావాలి అని కాదు, ఎక్కడ గెలవగలం అని అడిగాడు. తేదీల వరస చూస్తే అంతరిక్ష విధానానికి, క్యూబా ఓటమికి ఉన్న సంబంధం వేరే వివరించనవసరం లేదు.

ఈ నేపథ్యంలో 1961 మే 5న షెపర్డ్ వెళ్ళాడు. వాహనం పేరు ఫ్రీడమ్-7, అంటే స్వేచ్ఛ. మేఘాలు, యంత్రాల చిక్కులు అడ్డురాగా నాలుగు గంటలకు పైగా ఆ ఇరుకు గదిలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పదిహేను నిమిషాల ప్రయాణమే కదా అని మూత్రవిసర్జనకు ఏర్పాటు చేయలేదు. చివరకు తొడుగులోనే కానిచ్చుకోమని అనుమతి ఇవ్వవలసి వచ్చింది. తర్వాత 187 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, 487 కిలోమీటర్ల దూరంలో అట్లాంటిక్ సముద్రంలో దిగాడు. భారరహిత స్థితి సుమారు ఐదు నిమిషాలు. దిగేటప్పుడు శరీరం మీద పదకొండు రెట్ల బరువు. పెరిస్కోపుకు బూడిదరంగు వడపోత తీయడం మరచిపోయినందువల్ల భూమి అతనికి రంగుల్లో కనపడలేదు. మే 25న కెన్నెడీ పార్లమెంటు ముందు నిలబడి ఈ దశాబ్దం ముగిసేలోగా చంద్రుడి మీద మనిషిని దించుతామని ప్రకటించాడు. ఆనాటికి మనిషిని అంతరిక్షానికి పంపడంలో అమెరికాకు ఉన్న మొత్తం అనుభవం ఈ పదిహేను నిమిషాలే.

జూలై 21న గస్ గ్రిసమ్ ఇలాంటి యానమే చేశాడు. సముద్రంలో దిగాక వాహనం తలుపు అదాటున ఊడిపోయి నీళ్ళు నిండాయి. అతను ఈది బయటపడ్డాడు గాని వాహనం మునిగిపోయింది. 1999లో దాన్ని పైకి తీశారు. అప్పటికి గ్రిసమ్ లేడు. 1967 జనవరి 27న అపోలో వాహనం నేల మీది పరీక్షలోనే మంటల్లో చిక్కుకోగా ఇద్దరు సహచరులతో పాటు చనిపోయాడు. 1961 ఆగస్టులో సోవియట్ వ్యోమగామి టీటొవ్ భూమిని పదిహేడుసార్లు చుట్టి రావడంతో రెడ్‌స్టోన్ యానాలను అమెరికా రెండింటితోనే ఆపేసింది. 1962 ఫిబ్రవరి 20న గ్లెన్ కక్ష్యలోకి వెళ్ళాడు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. షెపర్డ్ యానాన్ని అమెరికా ముందుగా ప్రకటించి, కోట్లాది జనం టీవీల్లో చూస్తుండగా జరిపింది. విఫలమైతే అందరి ముందే విఫలమయ్యేది. సోవియట్ ప్రభుత్వం తమ ప్రధాన రూపకర్త కొరల్యోవ్ పేరు 1966లో ఆయన చనిపోయేదాకా ప్రపంచానికి చెప్పలేదు. గగారిన్ వాహనంతో పాటు కాక విడిగా పారాచూట్‌తో దిగాడన్న నిజాన్ని కూడా ఏళ్ళ తరబడి దాచింది. శ్రామికుడి బిడ్డను పైకి పంపిన రాజ్యం ఆ శ్రామిక జనానికి నిజం చెప్పడానికి జంకడం మనం మరచిపోరాని వైరుధ్యం.

4

ఫ్రీడమ్-7 పైకి లేచింది మే 5న. సరిగ్గా దానికి ముందు రోజు, మే 4న, వాషింగ్టన్ నుంచి పదమూడు మంది నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి రెండు బస్సుల్లో దక్షిణాదికి బయలుదేరారు. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల్లో, బస్టాండ్లలో వర్ణవివక్ష చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అమలవుతున్నదా లేదా చూడటం వాళ్ళ పని. వాళ్ళ పేరు కూడా స్వేచ్ఛా ప్రయాణికులే. మే 14న అలబామాలోని అనిస్టన్ దగ్గర తెల్ల దురహంకారుల మూక ఒక బస్సును తగలబెట్టింది. బర్మింగ్‌హామ్‌లో దిగినవాళ్ళను ఇనుప కడ్డీలతో కొట్టారు. రెడ్‌స్టోన్‌కు రూపమిచ్చిన హంట్స్‌విల్ ఉన్నది కూడా అదే అలబామాలో. ఒకే నెలలో, ఒకే దేశంలో, ఒకే పేరుతో రెండు ప్రయాణాలు జరిగాయి. ఒకటి 187 కిలోమీటర్లు పైకి పోయి క్షేమంగా దిగింది. రెండోది నేల మీద, రోడ్డు మీద, ఒక రాష్ట్రం దాటలేకపోయింది. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని సైన్సు పాఠంలో, రెండోదాన్ని ఎక్కడైనా ఉంటే సాంఘిక శాస్త్రంలో పెడతాయి. రెండూ ఒకే సమాజపు చరిత్ర అన్నది విద్యార్థికి తెలిసే దారి లేదు.

షెపర్డ్ ఎక్కడ పైకి లేస్తాడు, ఎక్కడ పడతాడు అన్న పథాన్ని లెక్కగట్టిన వారిలో ముఖ్యురాలు కాథరిన్ జాన్సన్ అనే నల్లజాతి గణితవేత్త. ఆమె పనిచేసింది వర్జీనియాలోని లాంగ్లీ పరిశోధనా కేంద్రంలో. అక్కడ నల్లజాతి స్త్రీ గణకులకు విడిగా ఒక విభాగం, విడిగా భోజనపు బల్ల, విడిగా మరుగుదొడ్డి ఉండేవి. 1958లో నాసా ఏర్పడినప్పుడే ఆ విభాగం రద్దయింది. ఆ విభాగానికి అధిపతిగా పనిచేసిన డొరొతీ వాన్ అంతకుముందు అదే రాష్ట్రంలోని ఫార్మ్‌విల్ అనే ఊళ్ళో నల్లపిల్లల బడిలో లెక్కలు చెప్పిన ఉపాధ్యాయురాలు. ఆ ఊరు ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో ఉంది. తెల్లపిల్లల పక్కన నల్లపిల్లలను కూర్చోబెట్టవలసి వస్తుందని ఆ కౌంటీ పాలకులు 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నిటికీ తాళం వేశారు. ఐదేళ్ళు! తెల్లవాళ్ళు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లలు చదువు లేకుండా పెరిగారు. మనిషిని అంతరిక్షంలోకి పంపే బృందం లాంగ్లీలో కూర్చుని లెక్కలు వేస్తున్న సరిగ్గా ఆ ఏళ్ళలోనే, ఆ రాష్ట్రంలోనే ఇది జరిగింది. బడిలో పాఠం చెప్పి బతికే మాలాంటి వాళ్ళకు 1961 గురించి ఇంతకంటే తెలుసుకోవలసిన విషయం లేదు.

5

వ్యోమగాములను ఎలా ఎంచారో కూడా చూడాలి. 1958 డిసెంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యంలోని జెట్ విమానాల పరీక్షా పైలట్ల నుంచే ఎంచాలని నిర్ణయించాడు. నిబంధనలో స్త్రీలు వద్దని లేదు, నల్లవాళ్ళు వద్దని లేదు. ఉండవలసిన అవసరం కూడా లేదు. స్త్రీలను సైన్యంలో పరీక్షా పైలట్లుగా తీసుకోరు. నల్లజాతి పైలట్లకు ఆ శిక్షణలో చోటు దొరకడం బహు అరుదు. తలుపు రెండు మెట్ల ముందే మూసి ఉంటే, చివరి గుమ్మం దగ్గర "అర్హులు రాలేదు" అని నిట్టూర్చవచ్చు. 1959 ఏప్రిల్ 9న ప్రకటించిన ఏడుగురూ తెల్లజాతి పురుషులే. ఉద్యోగాల విషయంలో, రిజర్వేషన్ల విషయంలో "ప్రతిభ" పేరుతో మన దేశంలో వినిపించే వాదన నిర్మాణం కూడా ఇదే.

వైద్య పరీక్షలు స్త్రీలకు కూడా పెట్టి చూద్దామని ఒక ప్రైవేటు వైద్యశాల ప్రయత్నించింది. 1960-61లలో జెర్రీ కాబ్ మొదలుకొని పదమూడు మంది స్త్రీ పైలట్లు నెగ్గారు. తర్వాతి పరీక్షలకు నౌకాదళం తన శిబిరం ఇవ్వనంది. 1962 జూలైలో పార్లమెంటు ఉపసంఘం విచారణ జరిపి కూడా దారి చూపలేదు. 1963 జూన్ 16న సోవియట్ యూనియన్ వాలెంతినా తెరెష్కోవాను పంపింది. ఆమె యారొస్లావ్ల్ నూలుమిల్లు కార్మికురాలు. ఆమె తల్లి కూడా మిల్లులో పనిచేసిందే. ఆదోని పత్తి మార్కెట్లో బోరాలు ఎత్తే కూలికి, ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చునే ఇల్లాలికి చెబితే ఈ ఒక్క వాక్యం ఎంత దూరం పోతుందో చెప్పనక్కరలేదు. అయితే సోవియట్ చరిత్రను కూడా కళ్ళు మూసుకుని మెచ్చుకోరాదు. తెరెష్కోవా తర్వాత ఇంకొక స్త్రీని ఆ దేశం పంపడానికి పందొమ్మిది ఏళ్ళు పట్టింది. ఒక్కరిని పంపి ప్రచారం చేసుకోవడం వేరు, తలుపు తెరిచి ఉంచడం వేరు.

ఎడ్వర్డ్ డ్వైట్ అమెరికా వైమానిక దళపు నల్లజాతి పైలట్. కెన్నెడీ కాలంలో వ్యోమగామి శిక్షణకు ముందు జరిగే పరీక్షా పైలట్ల కోర్సులో చేరాడు. నల్ల పత్రికలు అతని బొమ్మను ముఖచిత్రంగా వేశాయి. 1963లో నాసా ఎంపికలో అతని పేరు లేదు. 1966లో సైన్యం వదిలి శిల్పి అయ్యాడు. బానిసత్వం మీద, నల్లజాతి పోరాటాల మీద శిల్పాలు చెక్కుతూ జీవితం గడిపాడు.

6

ఆరు దశాబ్దాల తర్వాత ఈ పాత పద్దులన్నీ ఒకచోట కలిశాయి. అమెరికాలో ఉపకక్ష్య యానం ప్రైవేటు వ్యాపారంగా మారింది. 2004లో స్పేస్‌షిప్‌వన్ అనే విమానం ఒక కోటి డాలర్ల బహుమతి గెలుచుకుంది. విమానం కింద కట్టి ఎత్తుకు తీసుకుపోయి వదిలే ఈ పద్ధతి కొత్తది కాదు. 1963లో అమెరికా ప్రభుత్వపు ఎక్స్-15 విమానంలో జో వాకర్ ఇలాగే రెండుసార్లు వంద కిలోమీటర్లు దాటాడు. ప్రజాధనంతో పండిన జ్ఞానాన్ని తర్వాత కంపెనీలు కోసుకోవడం పెట్టుబడిదారీ విధానంలో మామూలే. ఈ దారిలో 2007లో మొజావీ ఎడారిలో ఇంధన పరీక్ష పేలి ముగ్గురు కార్మికులు చనిపోయారు. 2014 అక్టోబరు 31న పరీక్షా యానంలో ఒక సహపైలట్ చనిపోయాడు. టిక్కెట్ కొన్నవాళ్ళ పేర్లు పత్రికలకు తెలుసు, వీళ్ళ పేర్లు తెలియవు.

శిరీష వెళ్ళిన వర్జిన్ గెలాక్టిక్ వాహనం న్యూ మెక్సికో రాష్ట్రంలో ప్రజల పన్నులతో కట్టిన స్థావరం నుంచి లేచింది. దానికి 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ పక్క కౌంటీల జనం వస్తువు కొన్నప్పుడల్లా అందుకోసం అదనపు పన్ను కట్టారు. ఆ ఏడాది కంపెనీ పెట్టిన టిక్కెట్ ధర నాలుగున్నర లక్షల డాలర్లు. శిరీష టిక్కెట్ కొని పోలేదు. ఇంజనీరింగ్ చదివి ఆ కంపెనీలో ఉద్యోగిగా ఎదిగి, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగాన్ని చేతిలో పట్టుకుని వెళ్ళారు. భారం మారే క్షణాల్లో మొక్క కణాల్లో ఏం జరుగుతుందన్నది ఆ ప్రయోగం. మన పత్రికలు ఆ ప్రయోగం గురించి రాసినదెంత, పక్కన కూర్చున్న యజమాని బ్రాన్సన్ గురించి రాసినదెంత అని తూచి చూస్తే మన పత్రికా విలువలు తెలుస్తాయి.

తొమ్మిది రోజుల తర్వాత, జూలై 20న, ఇంకొక కంపెనీ వాహనంలో దాని యజమాని బెజోస్‌తో పాటు వాలీ ఫంక్ వెళ్ళింది. 1961లో పరీక్షలు నెగ్గిన పదమూడు మంది స్త్రీలలో ఆమె ఒకరు. అప్పటికి ఆమె వయసు 82. ఆ రాకెట్ పేరు న్యూ షెపర్డ్. దిగి వచ్చాక బెజోస్ తన అమెజాన్ ఉద్యోగులకు, కొనుగోలుదారులకు కృతజ్ఞతలు చెబుతూ దీనికంతా డబ్బు చెల్లించింది మీరేనన్నాడు. అదనపు విలువ సిద్ధాంతాన్ని ఇంత తేలిక మాటల్లో ఏ అధ్యాపకుడూ చెప్పి ఉండడు. 2024 మే 19న అదే న్యూ షెపర్డ్‌లో ఆరుగురు వెళ్ళారు. వాళ్ళలో ఒకరు మన గోపీచంద్. ఇంకొకరు 1963లో పక్కన పెట్టబడిన ఎడ్వర్డ్ డ్వైట్, 90 ఏళ్ళ వయసులో. సీటుకు ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పడింది. పది నిమిషాల లోపే అంతా ముగిసింది.

మన పతాక శీర్షికల్లో డ్వైట్‌కు చోటు దక్కలేదు. ఆ రోజు ఆ గదిలో ఉన్న అసలు చరిత్ర అతనిది. విజయవాడ బిడ్డ పక్క సీట్లో అరవై ఏళ్ళ అన్యాయం కూర్చుని ఉంటే, దాన్ని చూడకుండా తెలుగు జెండా ఒక్కటే చూశాం. 1959లో గుమ్మం దగ్గర అడిగింది రంగు, లింగం, సైనిక హోదా. ఇప్పుడు డబ్బు లేదా డబ్బున్నవాడి దయ. గుమ్మం విశాలమైన మాట నిజం. కావలివాడు మారాడే గాని పోలేదు.

7

ఇక మన నేల సంగతి. ఉపకక్ష్య రాకెట్లకు తెలుగుదేశంలో సొంత చరిత్ర ఉంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవిని 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. అదీ కక్ష్య చేరేది కాదు, పైగాలులను కొలిచే వడిసెల రాయి లాంటిదే. 2014 డిసెంబరు 18న ఇదే దీవి నుంచి మనుషుల కోసం తయారుచేసిన గదిని, మనుషులు లేకుండా, 126 కిలోమీటర్ల ఎత్తుకు పంపి అండమాన్ వైపు సముద్రంలో దించి పైకి తీశారు. హామ్, షెపర్డ్ నడిచిన మెట్టుకు మన ప్రభుత్వరంగ శాస్త్రజ్ఞులు ఒక జంతువునైనా బలి పెట్టకుండా చేరుకున్నారు. ఇది కంపెనీ టిక్కెట్టు కాదు, మన పన్నులతో, మన కార్మికుల చేతులతో సాధించింది. మన గర్వానికి నిజమైన ఆధారం ఇక్కడుంది.

కాని ఇక్కడా ప్రశ్నలున్నాయి. శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. అడవి దుంపలు, తేనె, చేపల మీద బతికే యానాదుల ఊరు అది. రాకెట్ల కోసం వాళ్ళను కదిలించారు. రాకెట్ లేచినప్పుడల్లా సూళ్ళూరుపేట పేరు టీవీల్లో వస్తుంది, యానాది పేరు రాదు. 2024 ఫిబ్రవరిలో గగనయాన్ కోసం ప్రకటించిన నలుగురూ వైమానిక దళపు పరీక్షా పైలట్లు, పురుషులు. మన దళంలో యుద్ధ విమానాల మీదికి స్త్రీలను రానిచ్చింది 2016లో. అంటే పరీక్షా పైలట్ అనే మెట్టు దాకా స్త్రీ రావడానికి కాలమే చాలలేదు. 1959లో అమెరికా పెట్టిన గుమ్మమే అరవై అయిదేళ్ళ తర్వాత మన ఇంటికీ అమరింది.

మా ప్రాంతంలో కోసిగి, కౌతాళం, హొళగుంద పల్లెల నుంచి వానకారు పనులు ముగియగానే జనం సుగ్గికి పోతారు. ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు మిరపచేలకు పోతారు. హాజరుపట్టీలో ఆ పిల్లల పేర్ల ఎదుట నెలల తరబడి గైర్హాజరు గుర్తులే. శిరీష పేరుతో గర్వించిన గుంటూరు సీమలోనే ఆ పిల్లలు మిరపకాయలు కోస్తూ ఉంటారు. "మన తెలుగు తేజం" అన్నప్పుడు ఆ "మన"లో ఆ పిల్లలు ఉన్నారా? ఫార్మ్‌విల్‌లో బడికి తాళం వేశారు. ఇక్కడ బడి తెరిచే ఉంటుంది, పిల్లల ఇంటికే తాళం పడుతుంది. ఫలితంలో తేడా ఎంత?

అందుచేత ఈ చరిత్రను వీరుల జాబితాగా చెప్పడం మానాలి. షెపర్డ్ పాఠం చెప్పేటప్పుడు డోరా ఖైదీలను, కాథరిన్ జాన్సన్ లెక్కలను, అనిస్టన్ బస్సును కలిపి చెప్పాలి. గోపీచంద్ పేరుతో డ్వైట్ పేరు, శ్రీహరికోట పేరుతో యానాదుల పేరు చెప్పాలి. దీనివల్ల విజ్ఞానం మీద గౌరవం తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే అది ఆకాశం నుంచి ఊడిపడ్డ వరం కాదని, వేల మంది చేతుల పని అని పిల్లలకు తెలుస్తుంది. చేతుల పని అయితే అందులో తమ చేతులకూ వాటా ఉందని అడిగే ధైర్యం వస్తుంది.

అడగవలసినవి పెద్దవేమీ కావు. సుగ్గి నెలల్లో ప్రతి వలస మండలంలోనూ కాగితాల మీద కాక నిజంగా నడిచే సీజనల్ హాస్టల్, ప్రతి ఉన్నత పాఠశాలలో తాళం తీసి ఉండే ప్రయోగశాల, దానికి ఒక సైన్సు టీచరు. ఇవి ఉన్న రోజున కోసిగి పిల్ల కూడా పరీక్ష రాయగలుగుతుంది. అప్పుడు "మన" అన్న మాటను మన వ్యాకరణం చెప్పిన అర్థంలోనే వాడవచ్చు.